‘అయినా’ అన్నచోట ఇంగ్లిష్‌లో ఏం రాయాలి? – పాఠకుల ఇంగ్లిష్ సందేహాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ‘ఆల్దో’, ‘డిస్పైట్’ల దగ్గరే చిక్కుకున్నాయి. వాటి పక్కనే వచ్చే ప్రిపొజిషన్లు, అపాస్ట్రఫీలు కూడా కలిపి చూస్తే తప్ప ఆ చిక్కు విడదు. అందుకే దగ్గరి ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చాం. ఇంగ్లిష్ వాక్యాలు తెలుగు లిపిలోనే ఇస్తున్నాం. అపాస్ట్రఫీ ఉండాల్సిన చోట ’ గుర్తు ఉంటుంది, చూసుకోండి.

ప్రశ్న: ‘ఆల్దో’తో మొదలుపెట్టి మధ్యలో ‘బట్’ రాస్తే మా మాస్టారు కొట్టేశారు. ‘దో... యెట్’ మాత్రం పర్లేదన్నారు. రెండింటికీ తేడా ఏమిటి?
– డిగ్రీ విద్యార్థి, నల్గొండ

జవాబు: మీ మాస్టారు చెప్పింది సరైనదే. రెండు వాక్యాలకు ఒక ముడి చాలు. ‘ఆల్దో’ ఒక వాక్యాన్ని రెండోదానికి లోబరుస్తుంది. ‘బట్’ రెండింటినీ సమానంగా నిలబెట్టి కలుపుతుంది. ఒకసారి లోబరిచాక మళ్ళీ సమానం చేస్తానంటే కుదరదు. తెలుగులో అయినా “వాన పడినా వెళ్ళాం” అంటాం, లేదా “వాన పడింది, కానీ వెళ్ళాం” అంటాం. “వాన పడినా, కానీ వెళ్ళాం” అనం కదా. హిందీలో ‘హాలాంకి’ అని ఎత్తుకుని ‘లేకిన్’ అని కొనసాగించడం మామూలే. మన దేశంలో ‘ఆల్దో... బట్’ ఇంతగా వినబడటానికి అదొక కారణం.

‘యెట్’ కంజంక్షన్ మాత్రమే కాదు, ‘అయినా సరే’ అనే అర్థంలో క్రియావిశేషణం కూడా. అలా వచ్చినప్పుడు అది వాక్యాలను కలపదు, రెండో వాక్యానికి కాస్త ఊపు ఇస్తుందంతే. ‘స్టిల్’ కూడా ఇంతే. పాత వ్యాకరణాలు ‘దో... యెట్’ను జంటగా నేర్పాయి. పోటీ పరీక్షల్లో తప్పు గుర్తించమనే ప్రశ్నల్లో ఆ జంట ఇప్పటికీ కనిపిస్తుంది, అక్కడ దాన్ని తప్పని గుర్తు పెట్టకండి. మీరు సొంతంగా రాసేటప్పుడు మాత్రం ‘యెట్’ అవసరం లేదు. “ఆల్దో ఇట్ వాజ్ రెయినింగ్, వి వెంట్” అని మధ్యలో కామా పెట్టండి, చాలు. ‘ఆల్దో’ భాగం రెండోదిగా వస్తే చాలాసార్లు ఆ కామా కూడా అక్కర్లేదు.

ప్రశ్న: ‘ఆల్దో’, ‘డిస్పైట్’, ‘ఇన్ స్పైట్ ఆఫ్’ మూడింటికీ తెలుగులో ‘అయినా’ అనే రాసుకున్నాను. పరీక్షలో ఖాళీలు పూరించేటప్పుడు ఏది పెట్టాలో తేలడం లేదు. ‘డిస్పైట్’ తర్వాత ఒకచోట ‘హిజ్’, ఒకచోట ‘హిమ్’ చూశాను. ఏది సరైనది?
– బ్యాంకు పరీక్షలకు చదువుతున్న పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మూడింటికీ అర్థం ఒకటే. అందుకని అర్థం చూసి ఎంచుకోబోతే ఎప్పటికీ తేలదు. ఖాళీ తర్వాత ఏముందో చూడాలి.

‘ఆల్దో’, ‘దో’, ‘ఈవెన్ దో’ కంజంక్షన్లు. వాటి తర్వాత పూర్తి వాక్యం రావాలి, అంటే ఒక కర్త, కాలాన్ని చూపే ఒక క్రియ. ‘డిస్పైట్’, ‘ఇన్ స్పైట్ ఆఫ్’ ప్రిపొజిషన్లు. వాటి తర్వాత నామవాచకమే రావాలి. తెలుగులో మనకీ బెడద లేదు. క్రియకు చివర ‘-ఇనా’ తగిలిస్తే పని అయిపోతుంది. ఇంగ్లిష్‌లో ఏ దారిన వెళ్ళాలో ముందే తేల్చుకోవాలి.

“అమ్మ వద్దన్నా అతను హైదరాబాద్ వెళ్ళాడు” అనే వాక్యం తీసుకోండి.

“ఆల్దో హిజ్ మదర్ అబ్జెక్టెడ్, హి వెంట్ టు హైదరాబాద్.”
“డిస్పైట్ హిజ్ మదర్’స్ అబ్జెక్షన్, హి వెంట్ టు హైదరాబాద్.”

మొదటి దాన్నుంచి రెండో దానికి వచ్చేసరికి మూడు మార్పులు జరిగాయి. ‘ఆల్దో’ పోయి ‘డిస్పైట్’ వచ్చింది. ‘అబ్జెక్టెడ్’ అనే క్రియ ‘అబ్జెక్షన్’ అనే నామవాచకం అయింది. కర్తగా ఉన్న ‘మదర్’కు అపాస్ట్రఫీ, ఎస్ చేరి ‘మదర్’స్’ అయింది. ఈ మూడో మార్పునే ఎక్కువ మంది మరిచిపోతారు. క్రియ నామవాచకంగా మారితే ఇక దానికి కర్త ఉండదు. ఆ పని ఎవరిదో చెప్పాలంటే స్వంతార్థమే (పొసెసివ్ రూపమే) దిక్కు. “అమ్మ వద్దంది” కాస్తా “అమ్మ అభ్యంతరం” అయినట్టే. మూడింట్లో కొన్ని చేసి కొన్ని వదిలేస్తే “డిస్పైట్ హిజ్ మదర్ అబ్జెక్టెడ్” అనో “ఆల్దో హిజ్ మదర్’స్ అబ్జెక్షన్” అనో తయారవుతుంది. పరీక్షల్లో తప్పు ఆప్షన్లుగా ఇచ్చేవి సాధారణంగా ఇవే.

కాబట్టి ఖాళీ కనబడగానే దాని తర్వాత నుంచి కామా వరకు చదవండి. అందులో ‘వాజ్’, ‘హ్యాజ్’, ‘అబ్జెక్టెడ్’ లాంటి కాలం చూపే క్రియ ఉంటే ‘ఆల్దో’. లేకపోతే ‘డిస్పైట్’ లేదా ‘ఇన్ స్పైట్ ఆఫ్’. ఖాళీ పక్కన ఇప్పటికే ‘ఆఫ్’ ఉంటే ‘ఇన్ స్పైట్’ మాత్రమే, ఎందుకంటే ‘డిస్పైట్’కు ‘ఆఫ్’ పొసగదు. ఒక్కచోట జాగ్రత్త. “డిస్పైట్ ది ఫ్యాక్ట్ దట్ హి వాజ్ ఇల్” లో ‘వాజ్’ ఉంది, కానీ ‘డిస్పైట్’ను ఆనుకున్నది ‘ఫ్యాక్ట్’ అనే నామవాచకం కాబట్టి సరిపోయింది. వ్యాకరణం ఒప్పుకున్నా ఈ కట్టు బరువుగా ఉంటుంది. ‘ఆల్దో’ అనే ఒక్క మాటతో పోయేదానికి నాలుగు మాటలెందుకు?

నామవాచకంగా మార్చాల్సినవి కొన్ని తరచూ వస్తుంటాయి. ‘వాజ్ ఇల్’కు ‘ఇల్‌నెస్’, ‘వాజ్ పూర్’కు ‘పావర్టీ’, ‘వాజ్ యాబ్సెంట్’కు ‘యాబ్సెన్స్’, ‘రిఫ్యూజ్డ్’కు ‘రిఫ్యూజల్’, ‘ఫెయిల్డ్’కు ‘ఫెయిల్యూర్’, ‘అరైవ్డ్ లేట్’కు ‘లేట్ అరైవల్’. చివరిది గమనించండి. క్రియ నామవాచకం అయ్యాక క్రియావిశేషణం కూడా విశేషణం కావాలి, అది దాని ముందుకు జరగాలి. “షి వర్క్‌డ్ స్లోలీ” మారితే “హర్ స్లో వర్క్” అవుతుంది.

అన్ని క్రియలకూ చక్కటి నామవాచకం దొరకదు. అప్పుడు ‘-ఇంగ్’ రూపం వాడాలి: “డిస్పైట్ హిజ్ నోయింగ్ ది రూల్...”. మీరడిగిన ‘హిజ్’, ‘హిమ్’ గొడవ ఇక్కడిదే. ‘నోయింగ్’ నామవాచకంలా నిలబడింది కాబట్టి దాని ముందు స్వంతార్థమే రావాలనేది సంప్రదాయ వ్యాకరణం. మాటల్లో, మామూలు రాతలో ‘హిమ్ నోయింగ్’ అనే వాళ్ళే ఎక్కువ. దాన్ని ఇప్పుడు తప్పని ఎవరూ అనరు. పరీక్షలో రెండూ ఆప్షన్లుగా ఉంటే ‘హిజ్’ పెట్టండి. ప్రాణం లేనివాటికి, పొడవాటి పదబంధాలకు మాత్రం అపాస్ట్రఫీ తగిలించకండి. “డిస్పైట్ ది రూఫ్ లీకింగ్” అంటే బాగుంటుంది, “ది రూఫ్’స్ లీకింగ్” అంటే కృతకంగా ఉంటుంది. “బస్సు లేకపోయినా” లాంటి వాటికి “డిస్పైట్ దేర్ బీయింగ్ నో బస్” అనే రూపం ఉంది.

రెండు భాగాలకూ కర్త ఒకరే అయితే స్వంతార్థం ఎత్తేయొచ్చు: “డిస్పైట్ బీయింగ్ ఇల్, హి కేమ్ టు ది ఆఫీస్.” వేర్వేరు కర్తలైనప్పుడు ఇలా ఎత్తేస్తే అర్థం తలకిందులవుతుంది. “డిస్పైట్ బీయింగ్ ఇల్, ది మేనేజర్ కాల్డ్ హిమ్ టు ది ఆఫీస్” అంటే జ్వరం మేనేజరుకు అంటుకుంది! ‘డిస్పైట్ హిజ్ ఇల్‌నెస్’ అన్నా ఆ ‘హిజ్’ ఎవరిదో అనుమానమే. ఇలాంటిచోట డొంకతిరుగుడు లేకుండా “ఆల్దో ది క్లర్క్ వాజ్ ఇల్, ది మేనేజర్ కాల్డ్ హిమ్” అని రాసేయడం మేలు.

‘ఇన్ స్పైట్ ఆఫ్’ మూడు మాటలు. ‘ఇన్‌స్పైట్’ అని కలిపి రాయకూడదు. ‘డిస్పైట్ ఆఫ్’ తప్పే కానీ మరీ గాలిలోంచి పుట్టింది కాదు. పాత ఇంగ్లిష్ రాతల్లో ‘ఇన్ డిస్పైట్ ఆఫ్’ అనే వాడుక ఉండేది. ముందున్న ‘ఇన్’, వెనకున్న ‘ఆఫ్’ కాలక్రమంలో రాలిపోయి ‘డిస్పైట్’ ఒంటరిగా మిగిలింది. ‘స్పైట్’ అనే మాట కూడా ‘డిస్పైట్’ తల తెగగా మిగిలిందే.

ప్రశ్న: ‘డిస్కస్ అబౌట్’ తప్పని అందరూ అంటారు. మరి ‘డిస్కషన్ అబౌట్’ ఎలా ఒప్పయింది? మా ఆఫీసు మెయిళ్ళలో రెండూ కనిపిస్తాయి.
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: పై జవాబులో చెప్పిన మార్పుకు ఇది రెండో సగం. క్రియ నామవాచకం అయినప్పుడు కర్త స్వంతార్థంలోకి వెళ్తుందని చూశాం. మరి కర్మ ఏమవుతుంది? సకర్మక క్రియ కర్మను నేరుగా పట్టుకుంటుంది. నామవాచకానికి ఆ శక్తి లేదు, కాబట్టి మధ్యలో ఒక ప్రిపొజిషన్ కావాలి.

“ది ఆర్మీ అటాక్డ్ ది ఫోర్ట్” అనేది “ది ఆర్మీ’స్ అటాక్ ఆన్ ది ఫోర్ట్” అవుతుంది. ముందు అపాస్ట్రఫీ, వెనక ‘ఆన్’. “ది కంపెనీ లాక్స్ ఫండ్స్” అనేది “ది కంపెనీ’స్ లాక్ ఆఫ్ ఫండ్స్”. ‘రిక్వెస్ట్’, ‘డిమాండ్’, ‘ఆర్డర్’ నామవాచకాలైతే ‘ఫర్’ వస్తుంది, క్రియలైతే ఏమీ రాదు. ‘ఎంఫసైజ్’కు ఏమీ లేదు, ‘ఎంఫసిస్’కు ‘ఆన్’. ‘రిజెంబుల్’కు ఏమీ లేదు, ‘రిజెంబ్లెన్స్’కు ‘టు’. గదిలోకి ‘ఎంటర్’ అవడానికి ప్రిపొజిషన్ అక్కర్లేదు, ‘ఎంట్రీ’కి ‘ఇన్‌టు’ కావాలి. ‘ఎంటర్ ఇన్‌టు’ తప్పు మాట కాదు కానీ అది ఒప్పందాల్లోకి, చర్చల్లోకి దిగడానికి.

‘డిస్కస్ అబౌట్’ మన నోట రావడానికి కారణాలు రెండు. ఒకటి, తెలుగులో “దాని గురించి చర్చించాం” అంటాం, ఆ ‘గురించి’ వెంట వస్తుంది. రెండోది, ‘డిస్కషన్ అబౌట్’ అని చదివిన అలవాటు క్రియకూ అంటుకుంటుంది. మెయిల్లో “లెట్ అజ్ డిస్కస్ ది రిలీజ్ డేట్” అని రాయండి, లేదా “లెట్ అజ్ హ్యావ్ ఎ డిస్కషన్ అబౌట్ ది రిలీజ్ డేట్” అనండి. మొదటిదే నయం, మూడు మాటలు మిగులుతాయి.

ఇంకో రకం ఉంది, అది మరింత ఇబ్బంది పెడుతుంది. విశేషణానికి ఒక ప్రిపొజిషన్, దాని నామవాచకానికి వేరే ప్రిపొజిషన్. ‘ప్రౌడ్ ఆఫ్’ కానీ ‘ప్రైడ్ ఇన్’. ‘ఫాండ్ ఆఫ్’ కానీ ‘ఫాండ్‌నెస్ ఫర్’. “షి వాజ్ ప్రౌడ్ ఆఫ్ హర్ వర్క్” వాక్యాన్ని ‘డిస్పైట్’తో రాయాలంటే “డిస్పైట్ హర్ ప్రైడ్ ఇన్ హర్ వర్క్” అనాలి. వీటికి సూత్రం లేదు, జంటలుగా కంఠతా పట్టడమే. క్రియకే ఒక ప్రిపొజిషన్ ఉంటే సాధారణంగా నామవాచకం దాన్నే ఉంచుకుంటుంది: ‘డిపెండ్ ఆన్, డిపెండెన్స్ ఆన్’, ‘అబ్జెక్ట్ టు, అబ్జెక్షన్ టు’.

ప్రశ్న: ‘ఈవెన్ ఇఫ్’, ‘ఈవెన్ దో’ ఒకటేనా?
– ఇంటర్ విద్యార్థిని, వరంగల్

జవాబు: కాదు. జరిగిన విషయానికి ‘ఈవెన్ దో’. జరగొచ్చు, జరగకపోవచ్చు అన్నదానికి ‘ఈవెన్ ఇఫ్’. తెలుగులో రెండింటికీ ‘-ఇనా’ ఒక్కటే కావడంతో తికమక వస్తుంది. అలాంటప్పుడు వాక్యం చివరి క్రియను చూడండి. “వాన పడినా మ్యాచ్ జరిగింది” అంటే వాన పడిందన్నమాట: “ఈవెన్ దో ఇట్ రెయిన్డ్...”. “వాన పడినా మ్యాచ్ జరుగుతుంది” అంటే వాన సంగతి ఇంకా తెలియదు: “ఈవెన్ ఇఫ్ ఇట్ రెయిన్స్...”. రెండో దాంట్లో ‘విల్ రెయిన్’ అని రాయకండి. ‘ఇఫ్’ తర్వాత వర్తమానమే భవిష్యత్తును చూపుతుంది.

“మీకు ఇష్టం లేకపోయినా వెళ్ళాలి” లాంటివి రెండు రకాలుగానూ ఉండొచ్చు. ఇష్టం లేదని ముందే తెలిస్తే ‘దో’, తెలియకపోతే ‘ఇఫ్’. “ఎంత చదివినా” అన్నచోట ఈ రెండూ కావు, ‘హవెవర్ మచ్’ లేదా ‘నో మ్యాటర్ హౌ మచ్’ వాడాలి.

‘ఈవెన్’ ఒక్కటే రెండు వాక్యాలను కలపలేదు. “ఈవెన్ ఐ టోల్డ్ హిమ్, హి డిడ్ నాట్ కమ్” అని మనవాళ్ళు తరచూ అంటారు. ఇంగ్లిష్ తెలిసినవాళ్ళకు దాని అర్థం “నాబోటివాణ్ణి నేను కూడా చెప్పాను” అని. మీ ఉద్దేశం అది కాకపోతే ‘ఈవెన్ దో ఐ టోల్డ్ హిమ్’ అనండి.

ప్రశ్న: సెలవు చీటీ ఇలా రాస్తే పాఠశాలలో ఎర్ర సిరాతో తిరిగొచ్చింది: “ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ ఫ్రమ్ టూ డేస్. ప్లీజ్ గ్రాంట్ మి టూ డే’స్ లీవ్ బిట్వీన్ 5 టు 6 మార్చ్. యువర్’స్ ఒబీడియెంట్లీ”. మా అబ్బాయికి ఏం చెప్పాలి?
– ఒక తండ్రి, కర్నూలు

జవాబు: మొదటి ‘ఫ్రమ్’ సరైనదే, జబ్బు పేరుకు ముందు అదే రావాలి. రెండోది తప్పు. తెలుగు ‘నుంచి’కి ఇంగ్లిష్‌లో ఒకే మాట లేదు. ఎంత కాలంగానో చెబితే ‘ఫర్’, ఎప్పుడు మొదలైందో చెబితే ‘సిన్స్’. “రెండ్రోజుల నుంచి” అంటే ‘ఫర్ టూ డేస్’, “సోమవారం నుంచి” అంటే ‘సిన్స్ మండే’. ఆ జ్వరం ఇంకా ఉంది కాబట్టి క్రియ ‘ఐ హ్యావ్ బీన్ సఫరింగ్’ కావాలి.

అపాస్ట్రఫీ స్థానం మారింది. ఒక రోజుకు ‘వన్ డే’స్ లీవ్’. రెండు రోజులు అనగానే ‘డేస్’ బహువచనం, దాని చివర ఎస్ ఉంది కాబట్టి ఆ ఎస్ దాటాక గుర్తు పెట్టాలి: ‘టూ డేస్’ లీవ్’. ముందు బహువచనం పూర్తిగా రాసి, ఆ తర్వాతే గుర్తు గురించి ఆలోచించమనండి. చివర ఎస్ ఉంటే గుర్తు ఒక్కటే. ‘చిల్డ్రన్’ లాగా ఎస్ లేని బహువచనమైతే గుర్తుతో పాటు ఎస్ కూడా: ‘చిల్డ్రన్’స్’.

‘బిట్వీన్’కు జోడీ ‘అండ్’, ‘ఫ్రమ్’కు జోడీ ‘టు’. ఇక్కడ ‘ఫ్రమ్ 5 టు 6 మార్చ్’ అనాలి.

‘యువర్స్’కు గుర్తు పెట్టనే కూడదు. హిజ్, హర్స్, అవర్స్, దేర్స్, ఇట్స్ అన్నీ పుట్టుకతోనే స్వంతార్థంలో ఉన్న మాటలు. ‘ఇట్’స్’ అంటే ‘ఇట్ ఈజ్’ లేదా ‘ఇట్ హ్యాజ్’. అలా విడదీసి చదివి అర్థం కుదరకపోతే గుర్తు తీసేయాలి. ఇందులో పెద్దవాళ్ళూ తడబడ్డారు. 1787 నాటి అమెరికా రాజ్యాంగం చేతిరాత ప్రతిలో, ఒకటో అధికరణం పదో సెక్షన్లో ‘ఇట్’స్ ఇన్‌స్పెక్షన్ లాస్’ అని గుర్తుతోనే ఉంది. అప్పటికి ఈ నియమం ఇంకా స్థిరపడలేదు. అబ్బాయి మాత్రం ఆ సాకు చెప్పలేడు.

ప్రశ్న: విదేశీ చదువు కోసం ఐఈఎల్‌టీఎస్‌కు తయారవుతున్నాను. “అన్‌లైక్ హైదరాబాద్, విశాఖపట్నం’స్ సమ్మర్ ఈజ్ హ్యూమిడ్” అని రాశాను. కోచింగ్‌లో తప్పన్నారు, ఎందుకో చెప్పలేదు.
– పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ వాక్యంలో పోలిక ఎవరెవరి మధ్య? ‘అన్‌లైక్’ తర్వాత ఒక ఊరు ఉంది, కామా తర్వాత ఒక వేసవి ఉంది. ఊరికీ వేసవికీ పోలిక పెట్టారు. ‘అన్‌లైక్’ కూడా ప్రిపొజిషనే. అది తన పక్కనున్న నామవాచకాన్ని అవతలి కర్తతో పోలుస్తుంది, కాబట్టి రెండూ ఒకే జాతివి కావాలి. “అన్‌లైక్ హైదరాబాద్’స్, విశాఖపట్నం’స్ సమ్మర్ ఈజ్ హ్యూమిడ్” అంటే సరిపోతుంది. ఒక్క అపాస్ట్రఫీ, ఎస్ తేడా. లేదా కర్తను మార్చి “అన్‌లైక్ హైదరాబాద్, విశాఖపట్నం హ్యాజ్ ఎ హ్యూమిడ్ సమ్మర్” అనండి. అప్పుడు ఊరికీ ఊరికీ పోలిక.

ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ రాత పరీక్ష మొదటి ప్రశ్నలో 20 నిమిషాల్లో కనీసం 150 మాటలు రాయాలి. ఆ ప్రశ్న చాలాసార్లు పట్టికలు, గ్రాఫుల మీదే ఉంటుంది. అంటే దాదాపు ప్రతి వాక్యమూ పోలికే, ఈ తప్పు పదేపదే దొర్లే అవకాశం ఉంది. ఒక ఉదాహరణ: 2011 జనగణనలో కేరళ అక్షరాస్యత 94 శాతం, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ది 67 శాతం. ఈ తెలుగు వాక్యంలో ‘ఆంధ్రప్రదేశ్‌ది’ అన్నాం చూశారా, ఆ ‘ది’కి ఇంగ్లిష్‌లో సాటి ‘దట్ ఆఫ్’: “కేరళ’స్ లిటరసీ రేట్ వాజ్ 94 పర్సెంట్, వేరాజ్ దట్ ఆఫ్ అన్‌డివైడెడ్ ఆంధ్రప్రదేశ్ వాజ్ 67 పర్సెంట్.” బహువచనమైతే ‘దోజ్ ఆఫ్’, మన ‘వి’ లాగా. తెలుగులో ఈ ‘ది’ వదిలేసి “కేరళ అక్షరాస్యత ఆంధ్రప్రదేశ్ కంటే ఎక్కువ” అన్నా ఎవరూ ఏమీ అనుకోరు. ఇంగ్లిష్ పరీక్షలో అలా వదిలేస్తే మార్కు పోతుంది. ‘హయ్యర్ దెన్’ అని రాసిన ప్రతిచోటా ఆగి, ‘దెన్’ తర్వాత ‘దట్ ఆఫ్’ గానీ అపాస్ట్రఫీ గానీ కావాలా అని చూసుకోండి.

‘దట్ ఆఫ్ కేరళ’స్’ అని రెండూ కలిపేయకండి. ‘ఆఫ్’ ఉంటే అపాస్ట్రఫీ వద్దు. ‘ఎ ఫ్రెండ్ ఆఫ్ మైన్’, ‘ఎ ఫ్రెండ్ ఆఫ్ మై ఫాదర్’స్’ లాంటివి వేరు, అక్కడ ‘అనేకమందిలో ఒకరు’ అని అర్థం.

ప్రశ్న: జీవోల్లో, చట్టాల్లో ‘నాట్‌విత్‌స్టాండింగ్’ అని వస్తుంది. ఇదీ ‘డిస్పైట్’ లాంటిదేనా?
– గ్రూప్స్ అభ్యర్థి, మహబూబ్‌నగర్

జవాబు: వ్యాకరణంలో అదే కుటుంబం, పనిలో వేరు. ‘డిస్పైట్’ ఒక ఆటంకాన్ని చెబుతుంది. చట్టంలో ‘నాట్‌విత్‌స్టాండింగ్’ ఏ నిబంధన మాట చెల్లుతుందో చెబుతుంది. చదువుల్లో, ఉద్యోగాల్లో స్థానికులకు వాటా ఇచ్చే రాష్ట్రపతి ఉత్తర్వులకు మూలమైన రాజ్యాంగం 371-డి అధికరణం పదో క్లాజు చూడండి. రాజ్యాంగంలోని ఇతర నిబంధనల్లో గానీ మరే చట్టంలో గానీ ఏమున్నా సరే ఈ అధికరణమే అమలవుతుందని ఈ మాటతోనే చెప్పారు. తెలుగు చట్టాల్లో ‘ఏమి ఉన్నప్పటికినీ’ అని కనబడేది ఇదే. చదివేటప్పుడు దాని వెనక వచ్చేది ఓడిపోయే నిబంధన అని గుర్తు పెట్టుకోండి. తారుమారుగా అర్థం చేసుకుంటే జవాబే మారిపోతుంది.

ఇది నామవాచకం తర్వాత కూడా రాగలదు: ‘దీజ్ ప్రాబ్లమ్స్ నాట్‌విత్‌స్టాండింగ్’. మన విభక్తుల్లాగా వెనక చేరే అరుదైన ఇంగ్లిష్ ప్రిపొజిషన్లలో ఇదొకటి. మామూలు వ్యాసంలో వాడకండి, పెళ్ళి పత్రికలో సెక్షన్ నంబర్లు వేసినట్టుంటుంది.

ప్రశ్న: ‘హవెవర్’ను ‘బట్’ బదులు పెట్టొచ్చా?
– ఉపాధ్యాయిని, శ్రీకాకుళం

జవాబు: అర్థం వరకు పెట్టొచ్చు, చిహ్నాలు మార్చాలి. “ఇట్ రెయిన్డ్, బట్ వి వెంట్” సరే. “ఇట్ రెయిన్డ్, హవెవర్ వి వెంట్” తప్పు, ఎందుకంటే ‘హవెవర్’ క్రియావిశేషణం, అది రెండు వాక్యాలను కలపలేదు. మొదటి వాక్యానికి ఫుల్‌స్టాప్ గానీ సెమికోలన్ గానీ పెట్టి, ‘హవెవర్’ రాసి, దాని వెంటనే కామా పెట్టాలి. ‘నెవర్‌దిలెస్’కూ ఇంతే. వాక్యాన్ని ‘బట్’తో మొదలుపెట్టడం మాత్రం తప్పు కాదు. పిల్లలకు తప్పని చెప్పడం మానేయొచ్చు.

ప్రశ్న: ‘బై కార్’ ఒప్పు, ‘బై మై ఫాదర్’స్ కార్’ తప్పట! అలాగే ‘మా నాన్నగారు’ అనడానికి ‘అవర్ ఫాదర్’ అంటే నవ్వారు.
– పాఠకుడు, దుబాయ్

జవాబు: ‘బై’ తర్వాత ప్రయాణ సాధనం పేరు ఒంటిగా ఉండాలి: బై కార్, బై బస్, బై ట్రెయిన్. దాని ముందు ‘ఎ’, ‘ది’ గానీ స్వంతార్థం గానీ చేరితే అది ఒక ఫలానా బండి అయిపోతుంది. అప్పుడు ఎక్కే తీరును బట్టి ప్రిపొజిషన్ మారుతుంది. లోపల నిలబడలేని వాటికి ‘ఇన్’: ‘ఇన్ మై ఫాదర్’స్ కార్’, ‘ఇన్ ఎ ట్యాక్సీ’. నిలబడి నడవగలిగే వాటికి, పైన కూర్చునే వాటికి ‘ఆన్’: ‘ఆన్ ది సెవెన్ ఓక్లాక్ బస్’, ‘ఆన్ మై బ్రదర్’స్ బైక్’.

‘మా’ సంగతికి వస్తే, తెలుగులో ఇంటివాళ్ళ గురించి ‘నా’ అనడం తక్కువ, ‘మా’ అనడమే మర్యాద. ఇంగ్లిష్‌లో అన్నదమ్ములిద్దరూ కలిసి చెబితేనే ‘అవర్ ఫాదర్’. ఒక్కరే చెబితే ‘మై ఫాదర్’. ‘మా ఇల్లు’, ‘మా వీధి’కి ‘అవర్’ పర్లేదు, అవి నిజంగానే పదిమందివి. ‘మా ఆవిడ’కు మాత్రం ఎంత మర్యాద ఉట్టిపడినా ‘అవర్ వైఫ్’ అనకండి. “మా ఈ ఇల్లు” అని రెండూ కలిపి చెప్పాల్సి వస్తే ‘దిస్ అవర్ హౌస్’ కుదరదు. నామవాచకం ముందు ‘దిస్’, ‘అవర్’ రెండూ పట్టవు. ఒకదాన్ని వెనక్కి పంపి ‘దిస్ హౌస్ ఆఫ్ అవర్స్’ అనాలి.